టీవీ తిప్పాలా, కుర్చీ జరపాలా?

మియాపూర్ నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. కొత్త టీవీని గోడకి బిగించడానికి ఎలాంటి మౌంట్ పెట్టించాలన్నది ఆవిడ ప్రశ్న. ఉత్తరంలో సగం మాత్రం టీవీ గురించి కాదు, ఇంట్లోవాళ్ల గురించి.

వాళ్లది తొమ్మిదో అంతస్తులో సొంత ఫ్లాట్. అత్తగారు పోయాక నిరుడు మామగారు తెనాలి ఇల్లు అద్దెకిచ్చి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. ఆయనకి 74 ఏళ్లు. మెడనొప్పి పాతదే. వచ్చేటప్పుడు తన పడక కుర్చీ వెంట తెచ్చుకుని, పేపరు చదవడానికి వెలుతురు ఉంటుందని బాల్కనీ తలుపుకి వీపు పెట్టి వేసుకున్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయన చోటు అదే. టీవీ ఉండేదేమో సోఫాకి ఎదురుగా. ఆవిడ టేపు పెట్టి కొలిచి, బొమ్మ గీసి మరీ పంపారు. టీవీ గోడకీ సోఫాకీ మధ్య 10 అడుగులు. మామగారి కుర్చీ గోడకి 6 అడుగులు ఇవతల, టీవీ మధ్య భాగానికి కుడివైపు 8 అడుగుల దూరంలో ఉంది. పాత టీవీని ఆయన మెడ తిప్పుకునే చూసేవారు. రాత్రయ్యేసరికి మెడకి మందు రాయించుకునేవారు.

దసరాకి 55 అంగుళాల టీవీ కొన్నారు. నాన్నవైపు తిప్పుకోవచ్చని భర్త ఆన్‌లైన్‌లో చెయ్యి ఉన్న మౌంట్ తెప్పించారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడకి ఒక కన్నం వేసి చూస్తే మైదాపిండిలా తెల్లటి పొడి రాలింది. "ఇది లైట్ వెయిట్ బ్లాక్ మేడమ్. మామూలు స్టాండ్ అయితే పెడతా. ఈ తిరిగేది పెడితే నా పూచీ లేదు" అని వెళ్లిపోయాడు. వాడికి చేతకాదు, ఇంకొకణ్ని పిలుద్దామంటారు భర్త. టీవీతో వచ్చిన మౌంట్ చాలు, ఈ తిప్పుడు నాలుగు రోజుల ముచ్చటేనంటాడు మరిది. మామగారేమో "నా కోసం గోడలు పగలగొట్టకండమ్మా, నాకు రేడియో చాలు" అంటున్నారు. మూడు వారాలుగా టీవీ పాత కంప్యూటర్ టేబుల్ మీద నిలబడి ఉంది. ఐదేళ్ల బాబు దాని అంచు పట్టుకుని లేచి నిలబడుతున్నాడట.

"మౌంట్ తిరిగి పంపే గడువు అయిపోయింది. కొత్త టీవీలో రంగులు వెలిసిపోయినట్టున్నాయని మావయ్యగారు అంటున్నారు. సోఫాలో కూర్చునే మాకు బాగానే ఉన్నాయి. ఆయనకి కళ్లు చూపించాలా, టీవీ మార్చాలా, గోడ మార్చాలా? మా ఆయనతో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?" అని ముగించారు.

అమ్మా, మౌంట్ సంగతి తర్వాత. ముందు ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. మీ టీవీ వెనక మౌంట్ కోసం నాలుగు కన్నాలు ఉంటాయి. పై రెండింట్లో మరలు బిగించి, వాటికి గట్టి నైలాన్ తాడు కట్టి, టేబుల్ వెనక కాళ్లకి లాగి ముడేయండి. టేబుల్‌ని గోడకి ఆనించండి. కింది అరలో ఓ బియ్యం బస్తా పెట్టండి, అడుగున బరువుంటే టేబుల్ ముందుకి వాలదు. గోడ మీది టీవీ పడుతుందేమోనని మీరంతా భయపడుతున్నారు గానీ, కట్టకుండా టేబుల్ మీద నిలబెట్టిన టీవీయే పిల్లాడు లాగితే మీద పడేది.

ఇక మావయ్యగారి కళ్లు. ఆ వయసులో ఏడాదికోసారి చూపించడం ఎలాగూ మంచిదే. అయితే రంగుల విషయంలో తప్పు ఆయన కళ్లది కాకపోవచ్చు. ఎల్‌సీడీ తెర ఉన్న టీవీల్లో ప్యానెళ్లు ముఖ్యంగా రెండు రకాలు. వీఏ అనేదాన్ని ఎదురుగా కూర్చుని చూస్తే నలుపు చిక్కగా, బొమ్మ బాగా ఉంటుంది. పక్కకి జరిగేకొద్దీ నలుపు బూడిదరంగులోకి దిగి, రంగులు పలచబడతాయి. ఐపీఎస్ అనేదానిలో ఎదురుగా చూసినప్పుడు నలుపు అంత చిక్కగా ఉండదు, కానీ పక్క నుంచి చూసినా రంగులు నిలుస్తాయి. ఓఎల్‌ఈడీ టీవీలకి ఈ పక్కచూపు ఇబ్బంది తక్కువ. రాత్రి పూట సన్నివేశం ఏదైనా వస్తున్నప్పుడు బొమ్మ ఆపి, సోఫాలోంచి ఒకసారి, ఆయన కుర్చీలో కూర్చుని ఒకసారి చూడండి. అక్కణ్నుంచి మీకూ వెలిసినట్టు కనిపిస్తే మీది వీఏ ప్యానెల్ అన్నమాట. ఆయన మూడు వారాలుగా చెబుతున్నది నిజమేనని ఇంట్లో అందరి ముందూ ఒప్పుకోండి. "నాన్నకి చూపు తగ్గింది" అని మీవారు ఒక్కసారి అని ఉన్నా, ఆ రేడియో మాట అక్కణ్నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

మీరు పంపిన కొలతలతో నేనూ కాగితం మీద గీసుకున్నాను. టీవీని గోడకి బల్లపరుపుగా బిగిస్తే మీ సోఫాకి సూటిగా ఉంటుంది. మావయ్యగారికి మాత్రం సుమారు 53 డిగ్రీలు పక్కకి పడుతుంది. అది చాలా ఎక్కువ. అలాగని టీవీని పూర్తిగా ఆయనవైపు తిప్పితే ఆ 53 డిగ్రీలూ మీ నెత్తిన పడతాయి. మధ్యేమార్గంగా 26, 27 డిగ్రీలు తిప్పి వదిలేస్తే రెండు వైపులా సమానం. ఆ మాత్రం పక్కచూపు ఎవరికీ పెద్ద ఇబ్బంది కాదు. అంటే మీకు కావాల్సింది ఇటు గోడ దాకా, అటు గోడ దాకా తిరిగే టీవీ కాదు. ఒకవైపు, 30 డిగ్రీల లోపు తిరిగితే చాలు. బేరం మొత్తం ఈ ఒక్క సంగతితో మారిపోతుంది, ఎలాగో చెబుతాను.

55 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 123 సెంటీమీటర్లు. మధ్యలో పట్టుకుని తిప్పితే ఒక అంచు ముందుకొస్తుంది, రెండో అంచు వెనక్కి వెళ్తుంది. వెనక్కెళ్లే అంచు గోడకి తగలకూడదంటే 30 డిగ్రీలకి చెయ్యి సుమారు 31 సెంటీమీటర్లు బయటికి రావాలి. టీవీ మందం కూడా కలుపుకుంటే 35 అనుకోండి. 45 డిగ్రీలకి 43 దాకా కావాలి. 90 డిగ్రీలు తిప్పాలంటే 60 దాటాలి. మీవారు కొన్నది 60 సెంటీమీటర్లు సాగుతుందని రాశారు. దుకాణాల్లో పొడుగు చేతులే గొప్పగా చూపిస్తారు. గోడకి మాత్రం ఆ పొడుగే శత్రువు.

నూతిలోంచి బొక్కెన తోడిన చేతికి ఈ లెక్క పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. నిండు బిందెని నడుమున పెట్టుకుంటే ఊరంతా నడవొచ్చు, చెయ్యి చాపి పట్టుకుంటే పది అడుగులు కూడా వేయలేం. మీ టీవీ పుస్తకంలో స్టాండ్ లేకుండా 15 కిలోలని ఉందన్నారు. గోడకి బిగించే ఇనుప పట్టీ జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు అన్నారు కాబట్టి పై బోల్టుకీ కింది అంచుకీ మధ్య 20 సెంటీమీటర్లు వేసుకున్నాను. మామూలు మౌంట్‌లో టీవీ గోడకి 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పై బోల్టుల్ని బయటికి లాగే బలం నాలుగున్నర కిలోలు. అదే టీవీని 35 సెంటీమీటర్లు ముందుకి లాగితే 26 కిలోలు. 60 సెంటీమీటర్లకి 45 కిలోలు, చెయ్యి బరువు కూడా కలిపితే 50 దాటుతుంది. మీ బాబు బరువు 18 కిలోలు అనుకుని, చెయ్యి పూర్తిగా చాపి ఉన్నప్పుడు వాడు టీవీకి వేలాడితే క్వింటాలు పైనే. టీవీ మారలేదు, బోల్టులు మారలేదు, దూరం ఒక్కటే మారింది. మామూలు స్టాండ్ పెడతా, ఇది పెట్టనన్న ఆ కుర్రాడు ఈ లెక్క కట్టి ఉండకపోవచ్చు. కానీ వాడి చేతికి ఆ గోడ చెప్పింది అదే. వాణ్ని చేతకానివాడు అనకండి. డబ్బులు తీసుకుని నాలుగు ప్లగ్గులు కొట్టి పోయేవాడి కన్నా వాడు నయం.

ఇప్పుడు గోడ. గోడ ఏ రకమో డ్రిల్లు పొడి చెబుతుంది. ఎర్రగా రాలితే ఇటుక. బూడిదరంగులో వచ్చి, డ్రిల్లుకి సుత్తి దెబ్బ లేకుండా దిగకపోతే కాంక్రీట్. ఈమధ్య పెద్ద టవర్లలో మైవాన్ అంటూ గోడలన్నీ కాంక్రీట్‌తోనే పోస్తున్నారు. అలాంటి ఫ్లాట్ అయితే సరైన యాంకర్ బోల్టులు వేసి ఏ మౌంట్ అయినా పెట్టుకోవచ్చు, ఇంత ఉత్తరం అక్కర్లేదు. తెల్లటి పిండి రాలి, డ్రిల్లు బిస్కెట్‌లోకి దిగినట్టు దిగితే అది ఏఏసీ బ్లాక్, మీ కుర్రాడన్న లైట్ వెయిట్. ఘనపు మీటరుకి 600 కిలోల ప్రాంతంలో ఉంటుంది, అంటే ఎర్ర ఇటుకలో మూడోవంతు. లోపలంతా సన్నటి గాలి బుడగలు. కిందికి దిగే బరువుని బాగానే మోస్తుంది. లోపల్నుంచి ఉబ్బి పట్టుకునే ఫాస్టనర్ వేస్తే మాత్రం దాని ఒత్తిడికి చుట్టూ బ్లాకే పొడి అయిపోతుంది. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. ఆ గట్టితనాన్ని నమ్మకూడదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను, అదీ ఇటుక గోడకే. ఓ పదేళ్ల కిందట తిరిగే మౌంట్ నేనే దగ్గరుండి పెట్టించాను. ప్లగ్గు రెండంగుళాలు దిగిందని సంతోషించాను. ప్లాస్టరే ముప్పావు అంగుళం ఉందన్న సంగతి తలకెక్కలేదు. ఆరు నెలల తర్వాత దీపావళికి దుమ్ము దులుపుతుంటే పట్టీ పై అంచుకీ గోడకీ మధ్య సన్నటి నల్లటి గీత కనిపించింది. పోస్టు కార్డు దూర్చి చూస్తే దూరింది. టీవీ పడలేదు. అప్పటికప్పుడు దించేశాం. అప్పట్నుంచి ఎవరింట్లో తిరిగే మౌంట్ చూసినా, కాఫీ ఇచ్చేలోపు నా కళ్లు ఆ పై అంచు మీదికే పోతాయి. పట్టీ పై అంచు వెంట పెన్సిల్ గీత గీసి పెట్టుకుని నెలకోసారి చూస్తే, గోడ వదులుతోందో లేదో ముందే తెలుస్తుంది.

మీ గోడకి దారి లేకపోలేదు. హాలుకీ పిల్లల గదికీ మధ్యది పార్టిషన్ గోడ అన్నారు, నాలుగంగుళాలది. అవతల పిల్లల బట్టల అల్మారా ఉందన్నారు. ఇది మీ అదృష్టం. సన్నటి ఏఏసీ గోడకి నేను నమ్మే పద్ధతి ఒకటే, కన్నం గోడకి ఆ పక్క దాకా వేసి 8 లేదా 10 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్, అంటే పొడవునా మర ఉన్న ఇనుప కడ్డీ, గుచ్చి, అవతలివైపు వెడల్పాటి ఉక్కు రేకు, వాషర్, నట్టు వేసి బిగించడం. అప్పుడు బోల్టుని పట్టుకునేది బ్లాకు లోపలి పొడి కాదు, అవతలి రేకు. దాన్ని పీకాలంటే గోడలో ఓ ముక్కే ఊడి రావాలి. నట్లు అల్మారా వెనక చెక్క చాటున దాక్కుంటాయి. బిగించేటప్పుడు మరీ తిప్పి గోడని నలిపేయకుండా చూసుకోవాలి, అంతే.

రెండో పద్ధతి కెమికల్ యాంకర్. కన్నంలో దుమ్మంతా ఊది, బ్రష్షుతో శుభ్రం చేసి, గొట్టంతో రసాయనం నింపి అందులో రాడ్ పెడతారు. అది గోడ బుడగల్లోకి పాకి గట్టిపడుతుంది. ఉబ్బదు కాబట్టి బ్లాకు పగలదు. మంచి పద్ధతే, కానీ నాలుగంగుళాల గోడలో దానికి దొరికే లోతు తక్కువ. పైగా దుమ్ము సరిగ్గా ఊదకపోతే రసాయనం గోడని కాక దుమ్మునే పట్టుకుంటుంది. గట్టిపడే దాకా ఆగమంటే పనివాళ్లకి ఓపిక ఉండదు. అవతల ఇంకో ఇల్లు ఉండి, ఆ పక్కకి వెళ్లే వీలు లేనివాళ్లకి ఇదే దిక్కు. మీకు ఆ అవసరం లేదు. ఏఏసీ కోసమే చేసిన పొడుగు నైలాన్ ప్లగ్గులు కూడా ఉన్నాయి. గోడకి అతుక్కుని ఉండే మౌంట్‌కి అవి చాలు. ఏది వేసినా ఈ గోడ మీద డ్రిల్లుని సుత్తి మోడ్‌లో పెట్టనివ్వకండి. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా కన్నం వేయనివ్వకండి, వైర్లు ఉండేది అక్కడే. డ్రిల్లు పెట్టే ముందు ఆ గోడ ఎంసీబీ ఆపి, డ్రిల్లుకి వేరే గది నుంచి కరెంటు తీసుకోమనండి.

మౌంట్ డబ్బాలో గోడ కోసం వచ్చిన మరలూ ప్లాస్టిక్ ప్లగ్గులూ పక్కన పడేయండి. చాలా డబ్బాల్లో ఇచ్చే పుస్తకంలో గోడ లోపల చెక్క నిలువు దూలాలు ఉన్నట్టు బొమ్మ ఉంటుంది. అది అమెరికా ఇళ్ల బొమ్మ. అక్కడ 16 అంగుళాలకో కర్ర నిలబెట్టి పైన జిప్సమ్ బోర్డు కొడతారు, ఆ పొడుగు మరలు ఆ కర్రలోకి దిగడానికి చేసినవి. మన గోడలో కర్రా లేదు, దూలమూ లేదు.

టీవీ గోడకి ఎడమ చివర పిల్లర్ ఉంది, దానికి పెడితే ఎలా ఉంటుందని మీ మరిది అడిగారట. పిల్లర్ గట్టిదే. కానీ అది ఇప్పటి చోటుకి మూడడుగులు ఎడమకి ఉంది, మావయ్యగారికి 61 డిగ్రీలు పడుతుంది. వదిలేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. అన్నిటికన్నా చవకైనది కుర్చీ జరపడం. ఆయన కుర్చీ రెండడుగులు గోడకి దూరంగా, రెండడుగులు టీవీవైపు జరిగితే 53 డిగ్రీలు 37కి దిగుతుంది. కుర్చీనే కాస్త టీవీవైపు తిప్పి వేస్తే మెడ తిప్పే పనే ఉండదు. ఆయన మెడకి ఇబ్బంది అసలు టీవీ వల్ల కాదు, కుర్చీ ఒకవైపు, చూపు ఒకవైపు ఉండటం వల్ల కావచ్చు. మరి టీవీతో వచ్చిన మౌంటే చాలంటున్న మరిది మాట నిజమేనా అంటే సగం నిజం. మెడకి సరిపోవచ్చు. రంగులకి సరిపోదు, 37 డిగ్రీలకి కూడా వీఏ తెర వెలుస్తుంది. పైగా కుర్చీ జరపడం మీరు అనుకునేంత చిన్న విషయం కాదు. భార్య పోయి, ఊరు వదిలి, ఇల్లు అద్దెకిచ్చి వచ్చిన మనిషికి ఈ ఫ్లాట్‌లో తనదంటూ ఉన్నది ఆ మూల ఒక్కటే. టీవీ కోసం ఆ మూల ఖాళీ చేయమన్నట్టు వినిపిస్తే ఆయన నోరెత్తకుండా జరిపేస్తారు, తర్వాత అక్కడ కూర్చోవడం మానేస్తారు. అందుకని అది ఆయన చేతులతోనే జరగాలి. పొద్దున పేపరుకి ఒక చోటు, సాయంత్రం వార్తలకి ఇంకో చోటు అనుకుంటే ఆయనకీ బరువుగా ఉండదు. పడక కుర్చీ తేలికే కదా.

రెండో దారి చిన్న చెయ్యి మౌంట్. 40 సెంటీమీటర్లకి మించి సాగనిది, రెండు చేతులు ఉన్నది, గోడ పట్టీ వీలైనంత ఎత్తుగా ఉన్నది చూడండి. పట్టీ ఎత్తు 20 నుంచి 40 సెంటీమీటర్లకి పెరిగితే పై బోల్టుల మీద లాగుడు సగమవుతుంది. థ్రెడ్ రాడ్లతో బిగిస్తే మీ గోడ మోస్తుంది. నాకు మొగ్గు దీనివైపే. అయితే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. తిరిగే మౌంట్‌ని జనం మొదటి నెల రోజుకి నాలుగుసార్లు తిప్పుతారు, ఆ తర్వాత ఒక కోణంలో వదిలేస్తారు. మీ ఇంట్లోనూ అదే జరుగుతుంది, జరగనివ్వండి. 26 డిగ్రీల దగ్గర ఆపి, కీలు మర బిగించేయండి. బాబు ఊపకుండానూ ఉంటుంది.

మూడోది, ఇప్పటికే కొన్న పొడుగు చెయ్యిని ఎలాగైనా బిగించేయడం. థ్రెడ్ రాడ్లు వేసి, చెయ్యి ఎప్పుడూ 35 సెంటీమీటర్లు దాటదని అందరూ ఒట్టేసుకుంటే నిలబడుతుంది. ఐదేళ్లవాడి ఒట్టు మీద ఆధారపడిన ఏర్పాటు నాకు నచ్చదు. పైగా ఒంటి చెయ్యి మౌంట్లు 55 అంగుళాల బరువుకి కొన్నాళ్లకి ఓ పక్కకి ఒరుగుతాయి, టీవీలో వార్తల పట్టీ ఏటవాలుగా నడుస్తుంది.

నాలుగోది చక్రాల స్టాండ్. గోడ జోలికే పోనక్కర్లేదు, మావయ్యగారి మాటా నిలుస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. మీ ఇంట్లో చోటు తింటుంది, వైరు నేల మీద పాకుతుంది, బాబుకి అది బండి అవుతుంది. అడుగు వెడల్పుగా, బరువుగా ఉండి చక్రాలకి లాకులున్నది అయితేనే ఆలోచించండి.

ఐదోది మీరు రాయలేదు గానీ ఎవరో ఒకరు అనే ఉంటారు, ఆయన గదిలో పాత 32 అంగుళాల టీవీ పెట్టేయమని. మెడకీ రంగులకీ కూడా పరిష్కారమే. గొడవ ఆ సాయంత్రమే తీరిపోతుంది. ఆ తర్వాత మీరు హాల్లో, ఆయన గదిలో. ఆయనే కోరుకుంటే తప్ప ఆ పని చేయొద్దంటాను.

ఏది ఎంచుకున్నా ఈ వారం రోజులూ ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేదు. టీవీ ఎలాగూ టేబుల్ మీదే ఉంది. తాడు కట్టే ఉంచి, టేబుల్‌ని కాదు, దాని మీద టీవీని ఓ పాతిక డిగ్రీలు ఆయనవైపు తిప్పండి. ప్రొట్రాక్టర్ అక్కర్లేదు. ఒక అంచు గోడకి దగ్గరగా ఉంటే రెండోది దానికన్నా రెండడుగుల లోపు ముందుకి ఉంటుంది. బరువు టేబుల్ అంచు దాటి బయటికి రాకూడదు. అలా ఉంచి అందరూ మామూలుగా చూడండి. రెండు విషయాలు బయటపడతాయి. ఒకటి, సోఫా నుంచి మీకు ఇబ్బందిగా ఉందా లేదా. రెండోది బాల్కనీ. ఆయన వెనకే బాల్కనీ తలుపు ఉంది కాబట్టి తెర ఆయనవైపు తిరిగేకొద్దీ అందులో బాల్కనీ వెలుగే ప్రతిఫలిస్తుంది. సాయంత్రం ఏడు గంటల వార్తలకి ఫర్వాలేదు. మధ్యాహ్నం క్రికెట్ పెడితే బౌలర్ కన్నా మీ తులసి మొక్క బాగా కనిపిస్తుంది. మందపాటి కర్టెన్ వేస్తే ఆయన పేపరు వెలుతురు పోతుంది. రెండు పొరల కర్టెన్‌లో పల్చటి పొర సరిపోతుందేమో ఈ వారంలోనే చూసుకోండి. ఇది తెలియకుండా మౌంట్ కొని తిప్పి, ఎండకి మళ్లీ వెనక్కి తిప్పేసినవాళ్లు నాకు తెలుసు.

ఎత్తు గురించి మీరు అడగలేదు. నిజానికి ఆయన మెడకి తిప్పుడుతో పాటు ఎత్తు కూడా ముఖ్యమే. బిల్డర్ టీవీ పాయింట్ నాలుగైదు అడుగుల ఎత్తున ఇస్తాడు, మనం ప్లగ్గు దాచుకోవడానికి టీవీని దాని మీదికి ఎక్కించేస్తాం. సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లు నేల నుంచి 105 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. పడక కుర్చీలో వెనక్కి వాలినవాళ్లవి ఇంకా కిందికి. తెర మధ్య భాగం 105, 110 దగ్గర ఉంటే అందరికీ బావుంటుంది. అప్పుడు కింది అంచు నేలకి 70, 75 సెంటీమీటర్లలో ఉంటుంది, బాబు చేతికి అందుతుంది. అందుకని పది సెంటీమీటర్లు పైకి పెట్టి, తెరని కాస్త కిందికి వంచుకోండి. కింద ఓ బల్లలాంటిది అడ్డం పెడితే వాడు దగ్గరికి రాడు. బల్ల ఎక్కడానికి వీల్లేనంత ఇరుకుగా ఉండాలి సుమా.

కొత్త మౌంట్ కొనేటప్పుడు డబ్బా మీద అంగుళాలు చూసి కొనకండి. టీవీ వెనక ఉన్న నాలుగు కన్నాల మధ్య దూరం, అడ్డం ఎంత, నిలువు ఎంత, మిల్లీమీటర్లలో కొలవండి. దాన్నే వెసా అంటారు. 200 బై 200, 300 బై 300, 400 బై 200, ఇలా ఉంటుంది. డబ్బా మీద అదే అంకె ఉండాలి. మోసే బరువు మీ టీవీకి కనీసం రెట్టింపు, అంటే 30 కిలోలు పైన ఉండాలి. మరలు ఎం6 లేదా ఎం8 పడతాయి, టీవీ పుస్తకంలో ఉంటుంది. పొడుగెక్కువ మరని బలవంతంగా తిప్పితే లోపల ప్యానెల్‌కే తగలొచ్చు. చేత్తో తిప్పినంత సేపు తిప్పి, ఆగితే ఆపేయండి. ఇంకొకటి, మౌంట్ పలక మీ టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులకి అడ్డం పడుతుందేమో చూడండి. వైర్లన్నీ చెయ్యి సాగినప్పుడు లాగకుండా ఓ మీటరు వదులుగా ఉండాలి.

బిగించేవాణ్ని ఎక్కడ పట్టుకోవాలి? ముందు మీ టవర్‌లో పై ఇంటికో కింది ఇంటికో వెళ్లి కాఫీ తాగిరండి. గోడ అదే, కుటుంబాలు వేరు. పదిహేను లీటర్ల గీజర్ నీళ్లతో నిండితే మీ టీవీ కన్నా బరువు. వాళ్ల గీజర్లు, వాళ్ల టీవీలు ఎలా నిలబడ్డాయో, ఎవరు బిగించారో అడగండి. బాల్కనీ రెయిలింగులు, గ్రిల్లులు బిగించేవాళ్లకి థ్రెడ్ రాడ్ పని టీవీ కుర్రాళ్ల కన్నా బాగా తెలుసు. వచ్చినవాణ్ని ఒకటే అడగండి, ఈ గోడ దేనితో కట్టింది, దానికి నువ్వేం వేస్తావు అని. డ్రిల్లు తీయకముందే "ఏం కాదు మేడమ్, నాలుగు బోల్టులు ఎక్కువ వేస్తా" అన్నవాణ్ని టీ ఇచ్చి పంపించేయండి. ఏఏసీలో పక్కపక్కనే ఎక్కువ కన్నాలు వేస్తే గోడ ఇంకా బలహీనపడుతుంది.

మీవారితో గొడవ సంగతి. ఆయన ఆ మౌంట్ కొన్నది వాళ్ల నాన్న కోసం. దాన్ని ఇంట్లో అందరూ తప్పంటుంటే ఆయన దాన్నే పట్టుకుని కూర్చున్నారు, మౌంట్ మీద ప్రేమతో కాదు. ఈ లెక్క కాగితం ఆయన చేతికిచ్చి, ఆ పట్టీ పొడవు, చెయ్యి సాగే దూరం ఆయన్నే కొలవమనండి. ఇంజినీర్ అన్నారుగా, మీరు చెప్పేలోపే ఆయనే దించేస్తారు. ఆ మౌంట్ వృథా కూడా కాదు. మీ పాత 32 అంగుళాల టీవీ కొత్తదాని కన్నా తేలిక, తెనాలి ఇంటిది ఇటుక గోడే అయితే అక్కడ హాయిగా పనికొస్తుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినప్పుడు మావయ్యగారు సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులు ఉండాలనుకుంటే, అక్కడా ఆయనకో టీవీ కావాలి కదా.